రొమ్ములోని అరుదైన కంతులు - కోత లేని ముక్కపరీక్ష

రొమ్ములో గడ్డ యున్నట్లు ఎక్సురే పటమునందు కనబడగానే ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న "నయమగునా?" అని. వైద్యుడు తనలో తాను వేసికొను మొదటి ప్రశ్న "ఇది యేమి?" అని. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము దొరకనిదే మొదటి ప్రశ్నకు ఎంతటి వైద్యుడును బదులు చెప్పజాలడు. 1895లో రాంట్‌జన్ కనుగొనిన ఎక్సురే కిరణములు మనకు నీడను మాత్రమే చూపును. గోడమీద నీడను చూచి, అచట మనిషి యున్నాడని చెప్పవచ్చును గాని, వచ్చినవాడు చుట్టమో దొంగయో చెప్పలేము. అది తెలియవలెనన్న గడ్డలోని చిన్న ముక్కను వెలుపలికి తీసి సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడవలెను. దీనిని బయాప్సీ అందురు; మనవారు ముక్కపరీక్ష అందురు. బయాప్సీ అను పేరును 1879లో ఫ్రాన్సు దేశపు చర్మవైద్యుడు ఎర్నెస్టు బెనియే వాడుకలోనికి తెచ్చెను. జీవము, చూపు అను అర్థములు గల రెండు గ్రీకు మాటల కలయిక అది.

పూర్వము రొమ్ము లోపలి గడ్డనుండి ముక్క తీయవలెనన్న ప్రక్కటెముకల నడుమ పెద్దకోత కోసి లోనికి పోవలసి యుండెను. నేడు చాలవరకు సన్నని సూదులతోను, గొట్టములతోను ఆ పని జరుగుచున్నది. ఆ పద్ధతులెట్టివి, వాని వలన మేలేమి, వాని హద్దు లేమి అను విషయములను ఈ ప్రసంగమున విన్నవించెదను.

ముందుగా స్థలమును గూర్చి రెండు మాటలు. రొమ్ముగూడు మూడు గదుల యిల్లు వంటిది. కుడి యెడమ గదులలో ఊపిరితిత్తులు రెండును ఉండును. నడిమిగదిలో గుండె, పెద్ద రక్తనాళములు, గాలిగొట్టము, అన్నము దిగు గొట్టము, రసగ్రంథులు ఒకదానినొకటి ఒరసికొని ఇరుకుగా అమరియుండును. రొమ్ముయెముకకు వెనుక థైమస్ అను గ్రంథి కలదు. బాల్యమున అది పెద్దదిగా నుండి, వయస్సు వచ్చిన కొలది క్రొవ్వుగా మారి కుదించుకొని పోవును. ఊపిరితిత్తులలో పుట్టు రాచపుండు తరచుగా వినవచ్చునదే. నడిమిగదిలోను, ఊపిరితిత్తులను కప్పిన పలుచని పొరలోను పుట్టు కంతులు మాత్రము అరుదు. అరుదగుటచేతనే వానిని గుర్తించుటలో ఆలస్యమగుచున్నది.

ఈ నడిమిగది కంతులలో ముఖ్యమైనవి మూడు. థైమస్ గ్రంథిలో పుట్టునది థైమోమా. ఇది సాధారణముగా మెల్లగా పెరుగును. ఇది కలవారిలో సుమారు మూడవవంతు మందికి కండరముల నీరసము తోడగును. సాయంకాలమగుసరికి కనురెప్పలు వాలిపోవును, ఒక వస్తువు రెండుగా కనబడును, అన్నము నములుటకు దవడలు అలసిపోవును. రెండవది రసగ్రంథులలో పుట్టు లింఫోమా. ఈ జాతిలో ఒకదానిని 1832లో లండనులోని థామస్ హాడ్జికిన్ అను వైద్యుడు వర్ణించెను. అతని పేరే నేటికిని దానికి నిలిచియున్నది. మూడవది బీజకణముల కంతి. పిండదశలో బీజకోశములకు చేరవలసిన కణములు దారిలో రొమ్మునందు చిక్కువడి, పిదప కంతిగా పెరుగునని శాస్త్రజ్ఞుల భావము. దీని ప్రాణాంతక రూపము మిక్కిలిగా యువకులలో కనబడును.

ఇక నాలుగవది కంతియే కాదు; అది మన దేశమున ఎల్లరు నెరిగిన క్షయ. క్షయవలన నడిమిగదిలోని రసగ్రంథులు వాచి బిళ్ళకట్టినప్పుడు, ఎక్సురేలో అవియు గడ్డవలెనే కనబడును. జ్వరము, చిక్కిపోవుట, రాత్రివేళ చెమటలు పట్టుట క్షయలోను కలవు, లింఫోమాలోను కలవు.

నాలుగింటికి నీడ యొకటే. మార్గములు మాత్రము నాలుగు. థైమోమా చిన్నదిగా నున్నప్పుడు శస్త్రముతో పూర్తిగా తీసివేయుటయే మేలైన చికిత్స. లింఫోమాకు శస్త్రముతో పనిలేదు. మందులతోను, కొన్ని సందర్భములలో కిరణములతోను లొంగును. బీజకణముల కంతికి చాలవరకు ముందుగా మందులిచ్చి, మిగిలినదానిని పిదప కోసి తీయుదురు. క్షయకు సాధారణముగా ఆరునెలల మాత్రలు చాలును; వానిని ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. పేరు తెలియక ఒకదానికి మరియొకదాని వైద్యము చేసినయెడల, మందు వృథా, ధనము వృథా, వానికంటె విలువైన కాలము వృథా. లింఫోమా కలవానికి క్షయ మాత్రలిచ్చి నెలల తరబడి వేచియున్నందున, నయము కాదగిన జబ్బు ముదిరిపోవుట మన దేశపు వైద్యులు పలుమారు చూచిన విషయమే.

ముక్క తీయుటలో మొదటి సూత్రము మిక్కిలి సులభమైనది. గడపవద్ద దొరకు వస్తువు కొరకు అటక యెక్కనక్కరలేదు. రొమ్ములో గడ్డ యున్న రోగికి మెడలోగాని చంకలోగాని బిళ్ళ తగిలినయెడల, ఆ బిళ్ళనే తీసి పరీక్షింపవచ్చును. ఊపిరితిత్తి చుట్టును నీరు చేరినయెడల ముందుగా ఆ నీటిని తీసి చూడవచ్చును. అందుచేతనే మంచి వైద్యుడు పటమును చూచుటకు ముందు రోగి మెడను, చంకలను తడిమి చూచును. పురుషునికి బీజములను కూడ పరీక్షించును. సిగ్గుపడి దీనికి అడ్డు చెప్పరాదు.

వెలుపల ఏమియు దొరకనప్పుడు లోపలికి పోవలసినదే. మొదటి మార్గము రొమ్ముగోడనుండి సూది. ధాన్యపు వర్తకుడు బస్తా మూతి విప్పకుండ సరకును పరీక్షించుట మీరెల్లరు చూచినదే. మొనగల బోలు ఇనుపగొట్టమును బస్తా ప్రక్కను గుచ్చి లాగును. గొట్టములో వచ్చిన గుప్పెడు గింజలను అరచేత పోసికొని బస్తాలోని సరకెట్టిదో చెప్పును. బస్తా చినుగదు, సరకు చెదరదు. ఈ సూదియు అట్టిదే. దాని లావు సుమారు ఒక మిల్లీమీటరు. లోపలినుండి అది తెచ్చునది ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవుగల దారపుపోగు వంటి ముక్క.

ఊపిరితిత్తిలోనికి సూది గుచ్చుట క్రొత్త సంగతి కాదు. జర్మనీలో లైడెన్ అను వైద్యుడు 1883లోనే దానిని చేసెను. కాని నాటివారు చీకటిలో బాణము వేసినట్లు గుచ్చవలసి వచ్చెను. సూదికి కన్ను వచ్చినది సీ.టీ. యంత్రముతో. గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన ఇంగ్లండులోని ఈ.ఎం.ఐ. సంస్థయందు ఇంజనీరుగా నుండిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు దానిని నిర్మించెను. 1971లో మొదటిసారి ఒక రోగికి ఆ యంత్రముతో పటము తీసిరి. 1979లో ఆయనకును, అలాన్ కార్మాకునకును నోబెల్ బహుమానము లభించెను. ఈ యంత్రము శరీరమును అరటిదుంగను చక్రములుగా తరిగినట్లు పొరలు పొరలుగా చూపును. గడ్డ యెంత లోతున నున్నది, దారిలో రక్తనాళ మెక్కడ నున్నది అను విషయములు అందు స్పష్టముగా తెలియును.

రోగిని ఆ యంత్రపు బల్లపై పరుండబెట్టి, సూది గుచ్చుచోట మాత్రము తిమ్మిరి యెక్కు మందు ఇత్తురు. రోగికి తెలివి యుండును; ఊపిరి బిగబట్టుమన్నప్పుడు బిగబట్టవలెను. కొలది నిమిషములలో ముక్క తీయుట ముగియును. పిదప కొన్నిగంటలు పరుండబెట్టి, మరల పటము తీసి చూచి పంపుదురు. నడిమిగదిలో పెద్ద గడ్డ యున్నవారికి ఈ మార్గము వలన మరియొక మేలు కలదు. అట్టివారికి పూర్తిమత్తు ఇచ్చినయెడల గడ్డబరువు గాలిగొట్టముపై పడి ఊపిరి ఆడకపోవు ప్రమాదము కలదు. తెలివితో నుండగనే సూదితో ముక్క తీసినచో ఆ ప్రమాదము తప్పును.

రెండవ మార్గము గాలిగొట్టమునుండి. 1897లో జర్మనీలోని ఫ్రైబర్గు పట్టణమున ఒక రైతు గాలిగొట్టములో ఎముకముక్క యిరుక్కొనెను. గుస్టావ్ కిలియన్ అను వైద్యుడు నోటినుండి తిన్నని లోహపుగొట్టమును దింపి, రొమ్ము కోయకుండనే దానిని పైకి తీసెను. అచటినుండి ఈ విద్య ఆరంభమైనది. ఆ గొట్టము వంగదు; రోగి తలను వెనుకకు వంచి దానిని దింపవలసి యుండెను. జపానుదేశపు షిగెటో ఇకెడా గాజుపోగులతో చేసిన వంగెడి గొట్టమును 1966లో వైద్యలోకమునకు చూపెను. చిటికెనవ్రేలికంటె సన్నమైన ఆ గొట్టము గాలిగొట్టపు కొమ్మలలోనికి మలుపులు తిరుగుచు పోగలదు.

అయినను గొట్టము గాలిదారిని మాత్రమే చూపును. గోడకు ఆవల నున్న గడ్డను చూపజాలదు. ఆ కొరత 2000 తరువాత తీరినది. గొట్టపు కొనయందు శబ్దతరంగములతో బొమ్మ చూపు చిన్నపరికరమును అమర్చిరి. గర్భిణీ స్త్రీల కడుపులోని శిశువును చూపునట్టి తరంగములే యివి. గాలిగొట్టపు గోడకు దానిని ఆనించినప్పుడు ఆవలి రసగ్రంథియు, ప్రక్కనున్న రక్తనాళమును తెరపై వేరువేరుగా కనబడును. వైద్యుడు తెరను చూచుచు, గోడనుండి సన్నని సూదిని ఆ గ్రంథిలోనికి గుచ్చి కణములను పీల్చి తీయును. దీనిని ఈబస్ అని పిలుచుచున్నారు. రోగికి నిద్ర వచ్చునట్లు కొద్దిగా మత్తు ఇత్తురు. ఒంటిపై గాయమేమియు నుండదు. చాలమంది ఆనాడే యిల్లు చేరుదురు. ఇట్టి పరికరమునే అన్నము దిగు గొట్టములోనికి దింపి, వెన్నువైపున నున్న గ్రంథులను కూడ పరీక్షింపవచ్చును.

సూది చాలని సందర్భములు కలవు. లింఫోమాలో కణమొక్కటి చూచిన చాలదు. కణములు ఒకదాని ప్రక్క నొకటి యెట్లమరియున్నవో చూడవలెను. నాలుగు ఇటుకలను చూచి యింటి కట్టడము చెప్పలేము కదా. అట్టి సమయమున కొంచెము పెద్ద ముక్క కావలెను. 1959లో స్వీడను దేశపు ఎరిక్ కార్లెన్సు చూపిన మార్గము దీనికి తోడ్పడును. మెడ క్రింద, రొమ్ముయెముక పైగుంటలో మూడు సెంటీమీటర్ల పాటి కోత కోసి, గాలిగొట్టము ముందుభాగమున గొట్టమును దింపి, కంటితో చూచుచు గ్రంథిని తీయుదురు. దీనికి పూర్తిమత్తు అవసరము.

ఊపిరితిత్తి పొరలోని జబ్బునకు వేరొక గొట్టము కలదు. ఇదియు స్వీడనునుండి వచ్చినదే. మూత్రాశయమును చూచుటకు వాడు గొట్టమును జాకోబియస్ అను వైద్యుడు రొమ్ములోనికి దింపి చూచిన వృత్తాంతమును 1910లో ప్రకటించెను. ప్రక్కటెముకల నడుమ చిన్నరంధ్రము చేసి దీనిని దింపుదురు. ఆ పొరలో పుట్టు మీసోథీలియోమా అను కంతిని నిర్ధారణ చేయుటకు ఇది మేలైన మార్గము. ఆస్‌బెస్టాసు ధూళిని పీల్చినవారికి ఈ కంతి వచ్చునని 1960లో దక్షిణాఫ్రికా వైద్యులు లోకమునకు తెలిపిరి. ధూళి పీల్చిన ఇరువది ముప్పది యేండ్లకు, అంతకు తరువాత కూడ, జబ్బు బయటపడవచ్చును. కావున ఆ ధూళిలో పనిచేసి వచ్చినవారు ఎన్నడో మానివేసితిమని ఊరకుండక, తమ పూర్వపు పనిని వైద్యునికి తప్పక చెప్పవలెను.

తీసిన ముక్క ఏమగును? చాలవరకు దానిని ఫార్మలిన్ అను ద్రవములో వేసి, పిదప మైనపుదిమ్మలో పొదిగి, వెంట్రుకకంటె పలుచని రేకులుగా తరిగి, రంగులు వేసి, గాజుపలకపై పరీక్షింతురు. క్షయ యనుమానమున్నప్పుడు ముక్కలో కొంతభాగమును ఫార్మలిన్‌లో వేయక, ఉప్పునీటిలో వేసి వేరుగా పంపవలెను. ఏలయన ఫార్మలిన్‌లో సూక్ష్మజీవులు చచ్చును, వానిని పెంచి చూచుటకు వీలుండదు. అరుదైన కంతులకు ప్రత్యేకపు రంగుల పరీక్షలు పెక్కు చేయవలసి యుండును. కావున ఫలితము వచ్చుటకు వారము, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పట్టును. ఆలస్యమును చూచి వైద్యునికి తెలియదని తలపరాదు. ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ మైనపుదిమ్మ చాలకాలము చెడదు. మరియొక వైద్యుని అభిప్రాయము కోరునప్పుడు ఆ దిమ్మను, గాజుపలకలను అడిగి తీసికొనిపోయిన చాలును. పెక్కుసార్లు రోగికి మరల సూది గుచ్చ నవసరముండదు.

ఇక ప్రమాదముల మాట. ప్రమాదమే లేదని చెప్పుట సత్యము కాదు. రొమ్ముగోడనుండి ఊపిరితిత్తిని దాటి సూది పోయినప్పుడు 100 మందిలో సుమారు 15 నుండి 25 మందికి ఊపిరితిత్తి చుట్టును కొంత గాలి చేరును. వారిలో పెక్కుమందికి అది తనంత తానే తగ్గిపోవును. కొద్దిమందికి మాత్రము చిన్నగొట్టము పెట్టి ఆ గాలిని తీయవలసి యుండును. కొందరికి దగ్గులో నెత్తురు జీర కనబడును. ప్రాణాపాయము మిక్కిలి అరుదు. గాలిగొట్టమునుండి చేయు ఈబస్ పరీక్షలో ఈ చిక్కులు ఇంకను తక్కువ. ఇంటికి వచ్చిన పిదప హఠాత్తుగా ఆయాసముగాని, రొమ్ములో పోటుగాని వచ్చినయెడల తెల్లవారువరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. నెత్తురు పలుచబడుటకు మందులు వాడువారు ఆ సంగతి ముందే చెప్పవలెను; చెప్పకుండ వాడుటయు తప్పే, తమంత తాము మానుటయు తప్పే.

మన పల్లెలలో ప్రబలముగా నున్న భయము వేరొకటి కలదు. "గడ్డకు సూది తగిలిన రేగును, కత్తి తగిలిన పాకును" అందురు. ఈ మాట యెట్లు పుట్టినదో ఊహించుట కష్టము కాదు. జబ్బు ముదిరిన పిమ్మట పరీక్షకు వచ్చినవాడు కొలదినెలలకు చనిపోవును. చూచినవారు ఆ మరణమును సూదికి అంటగట్టుదురు. అప్పటికే జబ్బు పాకియుండెనని వారికి తెలియదు. సూది పోయిన దారిలో కంతి మొలచుట అసలే లేదని నేను చెప్పను. ఊపిరితిత్తుల కంతులలో అది నూటికి ఒకటికంటె తక్కువ. మీసోథీలియోమాలో అంతకంటె ఎక్కువగా కనబడును; వైద్యులకు ఆ సంగతి తెలియును. చుట్టును పొరతో విడిగా నున్న చిన్న థైమోమా అని పటమునుబట్టి గట్టిగా తోచినప్పుడు, శస్త్రవైద్యులు సూది గుచ్చక, దానిని పొరతోసహా మొత్తముగా తీసి పిదప పరీక్షించుటయు కలదు. అట్టి వైద్యుడు "ముక్కపరీక్ష వలదు" అన్నయెడల అది యశ్రద్ధ కాదు, ఆలోచనయే. కాని పేరు తెలియని గడ్డను పెట్టుకొని, సూది భయముచేత నెలలు గడపుట వలన కలుగు నష్టము ఈ చిన్న ప్రమాదముకంటె ఎన్నోరెట్లు పెద్దది.

సూదికి ముందే రక్తపరీక్ష సగము సంగతి చెప్పు సందర్భమును కలదు. యువకునికి నడిమిగదిలో గడ్డ కనబడినప్పుడు బీజకణపు కంతులు విడుచు రెండు పదార్థములను రక్తములో వెదకుదురు. అవి మిక్కిలిగా నున్నయెడల, రోగి ఊపిరాడని స్థితిలో నున్నప్పుడు ముక్కకై వేచియుండకయే మందు మొదలుపెట్టవచ్చును.

దీనికి విరుద్ధముగా, ముక్క తీయుటకు ముందు వాడరాని మందొకటి కలదు. ఆయాసమును తగ్గించుటకు కొందరు స్టెరాయిడు సూదిమందులు వేయించుకొందురు. లింఫోమాపై ఆ మందు మంచువలె పనిచేసినట్లు తోచి, గడ్డ కొన్నాళ్ళు కరగిపోవును. రోగి బాగుపడెనని అందరు సంతోషింతురు. కాని పిదప తీసిన ముక్కలో జబ్బు గుర్తు దొరకదు. గడ్డ మరల పెరుగును. కావున పెద్దవైద్యుడు చెప్పినగాని ఆ మందు జోలికి పోరాదు.

"ఏమియు లేదు" అని వచ్చిన ఫలితమును సైతము జాగ్రత్తగా చదువవలెను. బస్తా పైభాగమున మంచిగింజలు పోసి అడుగున తాలు నింపినచో వర్తకుని గొట్టము కూడ మోసపోవును. అట్లే సూది గడ్డలోని చచ్చిన భాగమున తగిలినను, అంచున తగిలినను జబ్బు దొరకదు. "జబ్బు లేదు" అనుట వేరు, "ఈ ముక్కలో జబ్బు కనబడలేదు" అనుట వేరు. పటమునకును ఫలితమునకును పొంతన కుదరనప్పుడు వైద్యుడు రెండవమారు ముక్క తీయవలెనని చెప్పినయెడల విసుగుకొనరాదు.

శ్రోతలారా, పల్లెలో ఒక యింట జబ్బు వచ్చినప్పుడు ఆ యింటివారు వైద్యునికంటె ముందు మీవంటి పెద్దలను ఆలోచన అడుగుదురు. "సూది వద్దురా" అని మీరన్న ఒక్కమాటతో వారు ఆసుపత్రి వాకిటనుండి వెనుకకు మరలుదురు. మీ నోట ఆ మాట రావలదని నా ప్రార్థన. ముఖము, మెడ వాచి, మెడనరములు ఉబ్బి, పరుండిన ఊపిరాడనివానిని ఆనాడే పెద్దాసుపత్రికి పంపుడు. అది నడిమిగదిలో గడ్డ పెద్దరక్తనాళమును నొక్కుచున్న గుర్తు కావచ్చును. క్షయ మాత్రలు వాడుచున్నను రెండునెలలకు జ్వరము తగ్గక, చిక్కిపోవుచున్నవానిని చూచినప్పుడు "కఫములో గాని, ముక్కలో గాని క్షయజీవి కనబడినదా?" అని అడుగుడు. కనబడలేదన్నచో, మాత్రలను తమంత తాము మానవలదని చెప్పి, మరల వైద్యునివద్దకు పంపుడు. వైద్యుని అడుగవలసిన మాటలు నాలుగే: ముక్క ఎచటనుండి తీయుదురు, ఆ మార్గమే యేల, ప్రమాదమేమి, ఫలితము ఎన్నాళ్ళకు వచ్చును. సమాధానములు విని, ఎక్సురే పటములను, పరీక్ష కాగితములను ఒక సంచిలో భద్రపరచి, రోగి వెంట ధైర్యవంతు డొకనిని తోడిచ్చి పంపుడు. గడ్డకు పేరు తెలిసిన పిదప చేయవలసిన వైద్యమును నిర్ణయించుటకు వైద్యులున్నారు. పేరు తెలిసికొనుటకు రోగిని సకాలమున గడప దాటించుట మాత్రము మీ చేతులలో నున్నది.